ఏడో నంబరు జత

కామారెడ్డి పట్టణానికి సమకాలీన కళ లేని కొరత ఎంతటిదో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. బెల్లానికి మార్కెట్టుంది. పెళ్లిళ్లకు ఫంక్షన్ హాళ్లున్నాయి. వడ్లు ఆరబోసుకోవడానికి తారురోడ్డుంది. అర్థం కాని వస్తువు ముందు నిలబడి, అర్థమైనట్టు తల ఊపడానికి మాత్రం పట్టణంలో ఒక్క చోటూ లేకపోయింది. ఆ కొరత 2011 జూన్ నెలలో తీరింది. తీర్చినవారిలో నేనూ ఒకణ్ణి కనుక, జరిగింది జరిగినట్టు రికార్డు కోసం రాస్తున్నాను.

ఊరి చివర, రైలు పట్టాలకు అవతల ఒక పాత గోదాము ఉంది. దానికి మధ్యలో గోడ కట్టించి ఎడమ సగాన్ని సబ్సిడీ విత్తనాలకు, కుడి సగాన్ని కళకు కేటాయించారు. ఎడమ సగం పైకప్పు కారుతుంది. కుడి సగానికి కొత్త రేకులు, తెల్ల టైల్స్, రెండు ఏసీలు అమర్చారు. విత్తనం ఎలాగూ తడిస్తేనే మొలుస్తుంది, కళ తడిస్తే పాడవుతుంది అని కమిటీ అధ్యక్షులు పర్శరాములు గారు సెలవిచ్చారు. ఆయన వృత్తిరీత్యా రోడ్ల కాంట్రాక్టరు. ఆయన వేసిన రోడ్లు చూసినవారికి, ఆయనకు ఆధునిక కళతో ఉన్న అనుబంధం గురించి ఏ అనుమానమూ ఉండదు.

నేను ఆ కమిటీకి కార్యదర్శిని. ఎల్లారెడ్డిలో ముప్పై ఒక్క ఏళ్లు డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ కాలమంతా తాతల చేత, తండ్రుల చేత, పిల్లల చేత ఒకే ఏనుగు బొమ్మ వేయించాను. రిటైరైన రోజున తోటి ఉపాధ్యాయులు చందాలు వేసుకుని నాకొక జత గోధుమరంగు తోలు బూట్లు బహూకరించారు. అంత మంచి బూట్లు వేసుకుని వెళ్లదగిన చోటు ఏదీ తగలక, రెండేళ్లు పెట్టెలోనే ఉంచాను. గ్యాలరీ ప్రారంభోత్సవం రోజున వేసుకోవాలని నిశ్చయించుకున్నాను. ఈ బూట్ల సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

ప్రారంభోత్సవానికి ముందు కమిటీ నాలుగుసార్లు సమావేశమైంది. మొదటి సమావేశంలో శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలో చర్చించాం. రెండోదానిలో ఎవరి పేరు ఎవరి పేరు కింద ఉండకూడదో చర్చించాం. మూడోదానిలో అందరి పేర్లూ పైనే ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. నాలుగోదానిలో అంత వెడల్పు రాయి ఎక్కడ దొరుకుతుందో విచారించాం. ఈ నాలుగు సమావేశాల అజెండాలోనూ చిట్టచివరి అంశం ఒకటుంది. ‘ప్రదర్శించవలసిన చిత్రాలు’ అని. సమయాభావం వల్ల నాలుగుసార్లూ అది వాయిదా పడింది.

ప్రారంభోత్సవానికి ముందురోజు పొద్దున్నే రాయి వచ్చింది. మంచి రాయి. దాన్ని నిలబెట్టి, పూలదండ వేసి, లోపలికి వెళ్లి చూస్తే నాలుగు తెల్ల గోడలున్నాయి. పర్శరాములు గారు కాసేపు గోడల్ని, కాసేపు నన్ను చూశారు.

"ఏంది మాస్టరూ, బొమ్మలేవి?"

అజెండా కాగితం చూపించాను. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మా ఇంట్లో ఉన్న నా ఏనుగును తెచ్చి పెడదామని నేను సూచించాను. అది ఎవరికీ వినపడలేదు. ఈ మాట ఎలాంటి దురుద్దేశమూ లేకుండా రాస్తున్నాను.

అదృష్టం ఏమిటంటే, ఉపన్యాసం కోసం పిలిచిన కళా విమర్శకురాలు ప్రమోద గారు హైదరాబాదు నుంచి ఒకరోజు ముందే వచ్చేశారు. ఆమె ఖాళీ గోడల్ని చూసి ముందు ముగ్ధులయ్యారు. శూన్యం కూడా ఒక ప్రకటనే అన్నారు. అయితే శూన్యాన్ని ఇంతకుముందే ఎవరో ప్రదర్శించేశారట, రెండోసారి చెల్లదట. అందరం డీలాపడి చాయ్ తాగుదామని, రెండు సగాల ముందూ ఉన్న పైకప్పు లేని ఉమ్మడి వరండాలోకి వచ్చాం. అక్కడ ఆమె ఆగిపోయారు. చెయ్యి గుండెల మీద పెట్టుకున్నారు.

"ఇది ఎవరి కృతి?" అన్నారు.

ఆమె చూస్తున్నది విత్తనాల లైను.

పై ఊళ్ల పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. మా దిక్కున జూన్ నెలలో లైనులో నిలబడేది మనిషి కాదు, చెప్పులు. సోయా విత్తనాల లారీ ఇవ్వాళ వస్తుందో ఎల్లుండి వస్తుందో లారీకే తెలియదు. అన్ని రోజులు మనిషి ఎండలో నిలబడలేడు కనుక తన చెప్పుల్ని తన స్థానంలో విడిచి, ఉత్త కాళ్లతో పనులకు పోతాడు. ఒకరి స్థానాన్ని ఇంకొకరు జరపరు. పట్టణంలో ఇంత క్రమశిక్షణ గల లైను ఇంకెక్కడా లేదు. దానికి కారణం అందులో మనుషులు లేకపోవడమేనని కొందరంటారు.

పూర్వం రాళ్లు కూడా పెట్టేవారు. అంతకుముందు ఏడాది ఒకే రాయి తనదంటే తనదని ఇద్దరు రైతులు జుట్లు పట్టుకున్నారు. రాయిని అడిగితే అది ఏమీ చెప్పలేదు. అప్పుడు విత్తనాల కౌంటరు గుమాస్తా భీమేష్ ఒక నిబంధన పెట్టాడు. ఇకమీదట చెప్పులు మాత్రమే పెట్టాలి. లారీ రాగానే తాను వరుసగా ప్రతి ఎడమ చెప్పులో ఒక టోకెను పెడతాడు. ఆ చెప్పులు తొడుక్కుని టోకెనుతో కౌంటరుకు వచ్చినవాడే రైతు. వాదన లేదు, సాక్ష్యం లేదు. రిజిస్టరులో ‘రైతు పేరు’ అన్న గడిని కొట్టేసి ‘పాదరక్షల వర్ణన’ అని రాసుకున్నాడు. ఆ మార్పు తర్వాత ఒక్క ఫిర్యాదూ రాలేదు. భీమేష్‌కు అప్పటినుంచి రైతుల ముఖాలు చూడవలసిన అవసరం కూడా పడలేదు.

ఆ రోజు లైనులో నలభై ఒక్క జతలున్నాయి. ఏడో జత నీలం హవాయి చెప్పులు. ఎడమదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. అవి రాజంపేట అంజవ్వవి. ఆమెకు రెండెకరాలు. మూడు రోజుల కింద వాన పడింది. విత్తనానికి సరిపడా తడి నేలలో ఉండే ఆ నాలుగైదు రోజుల్నే పదును అంటారు. పదునులో గింజ పడితే పంట, తప్పితే మళ్లీ వాన దాకా ఆకాశం వంక చూడటమే. మూడు రోజులు అప్పటికే గడిచాయి. ఈ సంగతులు అప్పుడు నాకు తెలియవు. నాకు తెలిసిందల్లా ప్రమోద గారి కళ్లలో నీళ్లు తిరిగాయనే.

"ఇక్కడ మనిషి లేడు," అన్నారామె. "ఆ లేకపోవడమే ఇక్కడి మనిషి. దీన్ని లోపలికి తీసుకురండి."

పర్శరాములు గారు క్షణం ఆలోచించి, రవాణా ఖర్చు లేదని గ్రహించి, ఇది మహత్తరమైన కళ అని ప్రకటించారు.

రైతులను అడిగారా అని ఎవరైనా అడగవచ్చు. అడిగాం. గోదాము వాచ్‌మన్ యాకూబు, ఎదురుగా చాయ్ హోటల్ నీడలో కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లి అడిగాడు.

"చెప్పులు ఎండకు అట్టలయితున్నయి. లోపల పెడ్తమంటున్నరు. ఏసీ కూడా ఉన్నది."

"మా చెప్పులకు ఏసీయా?" అని మాచారెడ్డి దిక్కు తండా నుంచి వచ్చిన జైరాం ఆశ్చర్యపోయాడు.

"పెడితే పెట్టుండ్రి గానీ," అంది అంజవ్వ, "లైను తప్పద్దు బిడ్డా."

"లైను ఎట్లున్నదో గట్లనే ఉంటదవ్వా. నాది జిమ్మా," అన్నాడు యాకూబు. ఈ మొత్తం వ్యవహారంలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవాడు అతనొక్కడే. ఆ లైను ఇప్పటికీ తప్పలేదు.

మర్నాడు తెల్లారేసరికి నలభై ఒక్క జతలూ తెల్ల టైల్స్ మీద, ఎర్ర తాడు వెనక, ఒక్కొక్కటి ఒక్కో నంబరుతో కొలువుదీరాయి. గోడకు ఒక అట్ట తగిలించాం. ‘నిరీక్షణ. సబ్సిడీ విత్తనం కోసం వేచి ఉన్న రైతుల పాదరక్షలు. నలభై ఒక్క జతలు.’ దాని కింద ఎర్రక్షరాలతో ‘కళాఖండాలను తాకరాదు’. ఆ ఎర్రక్షరాలు నేనే రాశాను. నా చేతిరాత గురించి నేను చెప్పుకోకూడదు.

ప్రమోద గారు ఇంకొక సూచన చేశారు. చెప్పులు లేని రైతు బాధను అతిథులు పాదాలతో అనుభవించాలి, కనుక అందరూ బూట్లు, చెప్పులు బయట విడిచి రావాలి. టైల్స్ మీద మరకలు పడవు కనుక పర్శరాములు గారు వెంటనే ఒప్పుకున్నారు. పదకొండు గంటలకు హైదరాబాదు నుంచి ముఖ్య అతిథి వచ్చారు. హోదా చెబితే గుర్తుపడతారు కనుక చెప్పను. ఆయన నల్ల బూట్లు ముందు విడిచారు. ఆయన వెనక అధ్యక్షులు, వారి వెనక ఇద్దరు మిల్లుల యజమానులు, ఇద్దరు డాక్టర్లు విడిచారు. ఏడోవాణ్ణి నేను, నా వెనక ముగ్గురు విలేకరులు, మిగతా అతిథులు. రెండేళ్లు దాచుకున్న బూట్లు సరిగ్గా ఇరవై నిమిషాలు వేసుకుని, మేళతాళాల మధ్య విప్పాను. యాకూబు అలవాటు కొద్దీ మా పాదరక్షలన్నింటినీ వరండాలో, జతకు జత, తీరుగా లైను పెట్టాడు.

లోపల ఏసీ చల్లగా ఉంది. చెప్పులు లేని రైతు బాధను అందరం బాగా అనుభవించాం. టైల్స్ కాస్త ఎక్కువ చల్లగా ఉన్నాయని ఒక డాక్టరు గారు మాత్రం అన్నారు.

ముఖ్య అతిథి ప్రసంగం అద్భుతం. మచ్చుకు కొన్ని మాటలు ఇక్కడ పొందుపరుస్తున్నాను. "సోదరులారా, సోదరీమణులారా! నేను దేశ విదేశాల్లో ఎన్నో చెప్పులు చూశాను. ఇటువంటి చెప్పులు చూడలేదు. ఈ అరిగిన మడమల్లో నాకు భారతదేశం కనబడుతున్నది. ఈ పిన్నీసులో రైతు ఆత్మగౌరవం మెరుస్తున్నది. ఈ చెప్పుల్లో కాళ్లు పెట్టి నాలుగడుగులు వేసినవాడికే ఈ నేల అర్థమవుతుంది!" అందరం చప్పట్లు కొట్టాం. ముఖ్య అతిథి పిన్నీసు దగ్గర వంగి, తాడుకు ఇవతలే ఆగి, ఫోటో దిగి, మళ్లీ ప్రసంగంలో పడ్డారు.

సరిగ్గా ఆ చప్పట్ల మధ్య విత్తనాల లారీ వచ్చింది.

భీమేష్ నలభై ఒక్క టోకెన్లు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. లైను ఉండవలసిన చోట లైను ఉంది. ఈ ఏడాది రైతులకు కాలం కలిసొచ్చినట్టుంది అనుకున్నాడట. మొదటి నల్ల బూటుతో మొదలుపెట్టి, ప్రతి ఎడమదానిలో ఒక టోకెను వేసుకుంటూ పోయాడు. టోకెన్లు అయిపోయేసరికి ఇంకా అయిదు జతలు మిగిలాయి. ఆలస్యంగా వచ్చినవాళ్ల కర్మ అని కౌంటరులోకి వెళ్లి కూర్చున్నాడు.

హోటల్ దగ్గరున్న రైతులు పరుగెత్తుకొచ్చారు. వాళ్లకు టోకెన్లు కనబడ్డాయి గానీ చెప్పులు కనబడలేదు. కౌంటరు దగ్గర గోల మొదలైంది. మా కిటికీలోంచి అన్నీ వినబడుతున్నాయి.

"గవి మా చెప్పులు కావు సారూ! మావి లోపల పెట్టిండ్రు."

"లోపలియి నాకు సంబంధం లేదు. లైనుల ఏమున్నయో గవిట్లనే ఏసిన," అన్నాడు భీమేష్ రిజిస్టరు మీంచి తల ఎత్తకుండా. "రూలు రూలే. టోకెను చెప్పుకిచ్చిన, మనిషికి గాదు. గా చెప్పు తొడుక్కొని రా, సంచులు తీస్కపో."

కాసేపటికి గ్యాలరీ తలుపు తెరుచుకుంది. అంజవ్వ లోపలికి వచ్చింది. ఒక్కతే వచ్చింది. బయటి ఎండలోంచి ఏసీలోకి రావడంతో ఒక్కసారి భుజాలు ముడుచుకుని, కొంగు కప్పుకుని, అందర్నీ దాటి తాడు దగ్గరికి వచ్చింది. ముఖ్య అతిథి ప్రసంగం ఆపలేదు. ఆమె ఏడో నంబరు వైపు చెయ్యి చాపింది. నేను కార్యదర్శిని కనుక అడ్డుపడ్డాను.

"తాకకూడదమ్మా."

"గివి నా చెప్పులే సారూ. తొడుక్కొని పోత."

"నీవే. కాదనలేదు. ఇప్పుడు ఇవి కళాఖండాలు."

"ఏమన్న గానీ. లారీ వచ్చింది. ఎప్పుడిస్తరు మరి?"

"ప్రదర్శన పదిహేను రోజులు. పదహారో రోజు పొద్దున వచ్చి తీసుకుపో."

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. పిల్లవాడికి లెక్క చెప్పేటప్పుడు చూసినట్టు చూసింది.

"పదును పదిహేను రోజులుంటదా సారూ?"

నేను ఎర్ర తాడు సరిచేశాను. ప్రమోద గారు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఈ కళకు నిజమైన ప్రేక్షకురాలు ఈమేనని ప్రకటించి, చెప్పుల పక్కన నిలబెట్టి ఫోటో తీయించారు. ఫోటో అయ్యాక అంజవ్వ బయటికి వెళ్లింది.

తర్వాత జరిగింది కిటికీలోంచి చూశాను. అంజవ్వ వరండాలో మా లైను మొదట్లో నిలబడింది. ఒకటి, రెండు, మూడు అని వేలితో లెక్కపెట్టుకుంటూ నడిచింది. మొదటి జత తీసుకోవచ్చు, అడ్డుపడేవారు లేరు. ఆమె ఏడో జత దగ్గర ఆగింది. లైనులో ఆమెది ఏడో స్థానం. కింద కూర్చుంది. కొంగుతో ముందు ఒక కాలు, తర్వాత రెండో కాలు, వేళ్ల సందులతో సహా తుడుచుకుంది. అప్పుడు నా గోధుమరంగు బూట్లలో కాళ్లు పెట్టింది.

అవి ఆమెకు పెద్దవి. టపటపమంటూ, ఈడ్చుకుంటూ కౌంటరు దాకా నడిచింది. భీమేష్ టోకెను తీసుకున్నాడు. కిందికి వంగి పాదాలు చూశాడు. ‘గోధుమరంగు తోలు బూట్లు, కొత్తవి, లేసులతో’ అని రిజిస్టరులో రాసుకుని రెండు సంచులు ఇచ్చాడు. అది చూసి రెండోవాడు రెండో జత దగ్గరికి, మూడోవాడు మూడో జత దగ్గరికి నడిచారు. తోపులాట లేదు, తిట్లు లేవు. ఎవరి నంబరు వాళ్లది. పన్నెండో జత ప్రమోద గారి ఎత్తుమడమల చెప్పులు. పన్నెండో నంబరు జైరాంది. వాటిలో రెండుసార్లు పడ్డాడు గానీ సంచులు మాత్రం వదల్లేదు.

అప్పుడే కేక వేసి ఉండవచ్చు కదా అంటారు. ముఖ్య అతిథి మాట్లాడుతుండగా కార్యదర్శి కేకలు వేయడం సభా మర్యాద కాదు. పైగా ఆ సమయంలో ఆయన రైతు మన బిడ్డ అంటున్నారు.

సభ ముగిసి అందరం బయటికి వచ్చేసరికి వరండాలో అయిదు జతలే ఉన్నాయి. ఎండ భగభగలాడుతోంది. నలభై ఒక్కమంది పెద్దమనుషులం గడప మీద ఉత్త కాళ్లతో నిలబడ్డాం. అప్పుడు పర్శరాములు గారు మెల్లగా ముఖ్య అతిథి చెవిలో, లోపల నలభై ఒక్క జతలున్నాయి కదండీ అన్నారు. ముఖ్య అతిథి వెనక్కి తిరిగి ఒకసారి ఆ చెప్పులవైపు చూశారు. ఇందాక భారతదేశం కనబడిన చెప్పులే అవి. ఏసీలో ఉండి శుభ్రంగానే ఉన్నాయి. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు. ఆయన తిప్పుకున్నాక మేమూ తిప్పుకున్నాం. చివరికి లోపలి ఎర్ర తివాచీ చుట్టి తెచ్చి కార్ల దాకా పరిచారు. కారు లేనివాళ్లం తివాచీ అయిపోయిన చోటునుంచి తారురోడ్డు మీద గెంతుకుంటూ ఇళ్లకు చేరాం.

పత్రికల్లో ‘రైతుకు సంఘీభావంగా పాదరక్షలు త్యజించిన ప్రముఖులు’ అని వచ్చింది. పాదరక్షలు వెళ్లిపోవడం కళలో ప్రేక్షకుల భాగస్వామ్యమని ప్రమోద గారు వ్యాసం రాశారు. ఉత్త కాళ్లతోనే రాశారట.

మూడో రోజు పొద్దున రైతులు తిరిగొచ్చారు. విత్తనాలు పడ్డాయి, ఇక ఒకరి సొమ్ము మన దగ్గరెందుకు అని బూట్లు తెచ్చారు. యాకూబు సందిగ్ధంలో పడ్డాడు. లోపలి చెప్పులు వాళ్లకిస్తే లైనులో ఖాళీ వస్తుంది, లైను తప్పదని అతను మాట ఇచ్చాడు. ఆలోచించి, ఏడో చెప్పులు తీసుకున్నవాళ్లు ఏడో బూట్లు అక్కడ పెట్టండి అన్నాడు. అలా నలభై ఒక్క జతల చెప్పులు వెళ్లిపోయి, వాటి చోట్లలో తోలు బూట్లు, శాండిళ్లు, ఒక ఎత్తుమడమల జత కలిపి నలభై ఒక్క జతలు వచ్చి చేరాయి. అట్ట మారలేదు. ‘వేచి ఉన్న రైతుల పాదరక్షలు’ అనే ఉంది.

నా బూట్లు వెళ్లి చూశాను. బురద ఒక్క చుక్క లేదు. కొబ్బరినూనె రాసి తుడిచినట్టుంది, నా దగ్గర ఉన్నప్పుడు కూడా అంత మెరవలేదు.

"గా అవ్వ నీకో మాట చెప్పమన్నది సారూ," అన్నాడు యాకూబు. "కాళ్లు తుడుసుకొనే ఏస్కున్న, ఏమనుకోవద్దు అన్నది."

ఆ మాటకు నాకు చాలా సిగ్గేసింది. ఇది రికార్డులో ఉండవలసిన విషయం కాదని తెలుసు.

బూట్లు చేతికి తీసుకోబోతుంటే పర్శరాములు గారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. పక్కకు తీసుకెళ్లి భీమేష్ రిజిస్టరు నకలు చూపించారు. ‘7. గోధుమరంగు తోలు బూట్లు, కొత్తవి, లేసులతో. రెండు సంచులు.’

"గీ బూట్లు నావి అన్నవనుకో," అన్నారు మెల్లగా, "సబ్సిడీ విత్తనం తిన్నది నువ్వే అయితవు. ఒకటో నంబరు ఎవరియో ఎరుకేనా? నువ్వు నోరు తెరిస్తే గాయన దాకా పోతది. ఉండనియ్యి. బూట్లే గదా."

ఆ తర్వాత ఒక్క ప్రముఖుడూ తన బూట్ల కోసం రాలేదు. పదిహేను రోజుల ప్రదర్శనను నెలకు, నెలను ఏడాదికి పొడిగించారు. ముగిస్తే బూట్లు ఎవరికో ఒకరికి అప్పగించాలి, ఆ ఎవరో ఒకరు పట్టణంలో లేరు. బడిపిల్లలు వరుసగా వచ్చి చూసి వెళ్లారు. మాకు అన్నం పెట్టే రైతులు ఇంత మంచి బూట్లు వేసుకుంటారని వ్యాసరచన పోటీల్లో రాసి బహుమతులు పొందారు. నేను వారానికి రెండుసార్లు వెళ్లి ఏడో నంబరు ముందు నిలబడేవాణ్ణి. చూసినవాళ్లు నన్ను గొప్ప కళాభిమాని అనుకున్నారు.

మళ్లీ జూన్ వచ్చింది. రైతులకు సబ్సిడీ అవసరం ఎంత ఉందో అధ్యయనం చేయడానికి పై నుంచి ఒక అధికారి వచ్చారు. విత్తనాల కౌంటరు దగ్గర నిలబడబోతే వాన వచ్చింది. ఎడమ సగం కారుతుంది కనుక కుడి సగంలోకి వచ్చారు. కమిటీ మొత్తం ఆయన వెంట ఉంది. ఆయన ఎర్ర తాడు దగ్గర ఆగి, అట్ట రెండుసార్లు చదివారు. బూట్లను ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూశారు. భీమేష్ రిజిస్టరు తెప్పించి, వరుసకు వరుస సరిపోల్చారు. ఇంత చక్కగా సరిపోయిన రికార్డు తన ఉద్యోగ జీవితంలో చూడలేదన్నారు.

"అంటే ఇవి సబ్సిడీ విత్తనం తీసుకున్న రైతులవే కదా?"

"అవునండీ," అన్నారు పర్శరాములు గారు.

అధికారి కలం తీసి రాయడం మొదలుపెట్టారు. ఈ ప్రాంత రైతు తోలు బూట్లు ధరించు స్థితికి చేరుకున్నాడు. కొందరు మహిళా రైతులు ఎత్తుమడమల పాదరక్షలు ధరించుచున్నారు. కావున సబ్సిడీ విత్తనాలు ఈ కేంద్రానికి ఇకపై అనవసరం. వచ్చిన లారీని వెనక్కి పంపవచ్చును.

ఆ లారీ అప్పటికి గేటు దగ్గర ఉంది. దాని కోసం వరండాలో కొత్త లైను ఉంది. అందులో నీలం హవాయి చెప్పులు ఈసారి నాలుగో స్థానంలో ఉన్నాయి. వానకు తలుపు వారన నిలబడ్డ అంజవ్వ చివరి వాక్యం విన్నది. లోపలికి వచ్చింది.

"గవి మావి గావు సారూ. గవి మేం వాపస్ ఇచ్చినయి. మాయి గా బయట ఉన్నయి, చూడుండ్రి."

"మరి ఇవి ఎవరివి?"

అంజవ్వ కమిటీని అంతటినీ చూసింది. మిగిలినవాళ్లవి ఏ జతలో ఆమెకు తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. వేలు చూపించింది.

"ఏడోయి గీ మాస్టరు సారువి. గీయన కాళ్లకు సూసిన గా దినం. నేనే తొడుక్కున్న గద."

అధికారి కలం ఆపి నా వైపు తిరిగారు. పర్శరాములు గారు నా వైపు తిరిగారు. డాక్టర్లు, మిల్లుల వాళ్లు, విలేకరులు తిరిగారు. ఒక్క ‘అవును’ చాలు. లారీ నిలబడేది. ఆమె నేలలో పదునుంది, బయట ఇంకా వాన కురుస్తోంది.

"మీవేనా మాస్టారూ?"

"కాదండీ," అన్నాను.

"ఒకసారి తొడిగి చూడండి, తేలిపోతుంది."

నేను గోడకున్న అట్ట చూపించాను. ‘కళాఖండాలను తాకరాదు.’ నా ఎర్రక్షరాలే. నిబంధన నిబంధనే అని అధికారి ఒప్పుకున్నారు. సంతకం చేశారు.

అంజవ్వ తలుపు వైపు తిరిగింది.

"పోనియ్యి సారూ," అంది. "నీయి కాదంటే కాదు. మంచి చెప్పులు. నిరుడు గవి ఏస్కొనే నా రెండెకరాలు పండినయి."

బయటికి వెళ్లి, లైనులోంచి తన చెప్పులు తీసి తొడుక్కుంది. ఎడమదానికి పిన్నీసు ఇంకా ఉంది. లారీ గేటు దగ్గరే వెనక్కి తిరిగి, ఆమెను దాటుకుని వెళ్లిపోయింది.

ఆ చోట మీరుంటే నిజం చెప్పేవారని నాకు తెలుసు. పాఠకుల నిజాయితీ మీద నాకు మొదటినుంచీ నమ్మకం ఉంది. ప్రదర్శన ఇంకా తెరిచే ఉంది, ప్రవేశం ఉచితం. ఒకసారి వచ్చి, తాడు వెంట మొదటి నంబరు నుంచి చివరి నంబరు దాకా తీరిగ్గా నడవండి. వాటిలో మీ జత లేదని చూసుకున్నాక నన్ను తిట్టండి.